ముక్కనుమ నాడు భీమిలి



కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అది పాత మాట. ఇప్పటి కాకుల సంగతేమో గాని, మనుషులు మాత్రం కనుమ మధ్యాహ్నం గారెలు తిని చెయ్యి కడుక్కుంటూనే సంచులు దులపడం మొదలుపెడతారు. ముక్కనుమ పొద్దున్న మా అచ్యుతాపురం కూడలికి వచ్చి చూడండి. భోగికి ముందు రోజు బస్సు దిగిన వాళ్ళంతా మళ్ళీ అక్కడే కనిపిస్తారు. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో అరిసెల డబ్బా, భుజాన నిద్రపోతున్న పిల్ల. పండగంటే మూడు రోజులు కలుసుకోవడం, నాలుగో రోజు విడిపోవడం.

మొన్న సంక్రాంతికి ఆ నాలుగో రోజున మేం నలుగురు స్నేహితురాళ్ళం ఒక పాత రేవు పట్నం చూసొచ్చాం. ఆ కబుర్లే ఈ పూట మీతో.

ముందు ఆ నలుగురూ ఎవరో చెప్పాలి. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న వాళ్ళం. పేర్లు పెట్టి పిలుచుకోవడం మాకు ఏనాడూ లేదు. ఎవరిది ఏ ఊరైతే ఆ ఊరే పేరు. పూడిమడక మా తీరంలోని చేపల ఊరు. ఆ పేరు గలావిడ ఇప్పుడు చేపల వ్యాపారం చేస్తోంది. కొండకర్ల, ఆవ ఉన్న ఊరు. ఆ నీళ్ళలో తాటిదోనె మీద ఆడుకుంటూ పెరిగిన కొండకర్ల, ఇప్పుడు మా సెజ్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఒక లైనుకు సూపర్‌వైజరు. హరిపాలెం చదువులో అందరికన్నా ముందుండేది. నీటి ఇంజనీరై నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో ఉంటోంది. ఇక నేను అచ్యుతాపురం, తెలుగు పాఠాలు చెప్పుకునే పంతులమ్మని.

హరిపాలెం రెండేళ్ళకోసారి పండక్కి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఫోనులో ఆ ఊరి ఫోటోలు చూపిస్తుంది. ఇళ్ళ ముందు వీధికి బదులు కాలవ, కాలవ మీద చిన్న చిన్న వంతెనలు, గోడలకు ఆనించిన సైకిళ్ళు. ఒక పాత చర్చి గోపురమైతే మీటర్ల లెక్కన పక్కకు ఒరిగి, శతాబ్దాలుగా అలాగే నిలబడి ఉంది. కనుమ నాటి రాత్రి ఆ ఫోటోలు చూస్తూ కొండకర్ల అంది: “ఎప్పుడూ ఫోటోలు సూపించి ఊరించడమేనా? ఒక్కసారి మమ్మల్ని తీసుకెళ్ళి యూరప్ సూపించవే.”

హరిపాలెం నవ్వింది. “వీసా అక్కర్లేని యూరప్ ఒకటుంది. రేపు పొద్దున్న ఆరింటికి తయారుగా ఉండండి,” అంది.

అలా బయల్దేరాం భీమునిపట్నానికి. అదే, మన భీమిలికి. హరిపాలెం తిరుగు విమానం ఆ రాత్రికే.

మా ఊరి నుంచి భీమిలి సుమారు 70 కిలోమీటర్లు. లంకెలపాలెం దగ్గర హైవే ఎక్కి, గాజువాక దాటి, విశాఖ బీచి రోడ్డు పట్టుకున్నాం. రుషికొండ దాటాక ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్ళ కిందట గాలి, నీరు కలిసి పేర్చిన ఇసుక అది. ఇప్పుడు వానలు దాన్ని కోసి లోయలు చేస్తున్నాయి. సినిమా పాటల పుణ్యమా అని అందరికీ తెలిసిన చోటే. అక్కడ ఆగుదామని పూడిమడక అంటే హరిపాలెం ఒప్పుకోలేదు. “ముందు మా వాళ్ళని పలకరిద్దాం,” అంది.

మా వాళ్ళంటే డచ్చి వాళ్ళు. మన పెద్దలు వలందులు అన్నది వీళ్ళనే.

భీమిలి పేరు వెనక భీముడున్నాడు. బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని ఊళ్ళో చెప్పుకుంటారు. ఊరి వెనక పావురాలకొండ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట దాని మీద బౌద్ధ భిక్షువులుండేవారు. వాన నీళ్ళు పట్టుకోవడానికి వాళ్ళు రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. డచ్చి వాళ్ళు వచ్చేనాటికే ఇది ముసలి ఊరన్న మాట. పాత యూరప్ చూద్దామని వెళ్ళిన మాకు, మన ఊరి వయసు ముందు ఆ యూరప్ నిన్నగాక మొన్న వచ్చిన చుట్టంలా కనిపించింది.

ఆ చుట్టం రాక కథ ఇది. 1602లో డచ్చి వర్తకులు కూడి తూర్పు ఇండియా కంపెనీ పెట్టుకున్నారు. మసాలా దినుసుల కోసం వాళ్ళు వెళ్ళింది ఇండోనేషియా దీవులకి. లవంగాలు, జాజికాయలు పండించే అక్కడి జనం మారుగా కోరింది మన తీరపు నూలు బట్ట. బట్ట లేనిదే లవంగం లేదు. అందుకని మచిలీపట్నంలో దిగారు, పులికాట్‌లో కోట కట్టారు, పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో గిడ్డంగులు పెట్టారు. గోల్కొండ సుల్తానుల ఏలుబడి ఉండగానే, 17వ శతాబ్దంలో, భీమిలిలోనూ కుదురుకున్నారు.

కంపెనీకి నెదర్లాండ్స్‌లో ఆరు నగరాల్లో ఆరు శాఖలుండేవి. వాటిలో డెల్ఫ్ట్ ఒకటి. హరిపాలెం రోజూ సైకిలు మీద పనికి వెళ్ళే దారిలో, కాలవ గట్టున కంపెనీ వారి పాత భవనం ఇంకా ఉందట. “ఆ గుమ్మం ముందు నుంచి పోతూ ఉంటే ఏమనిపిస్తాదే నీకు?” అని పూడిమడక అడిగింది. హరిపాలెం కాసేపు ఆలోచించి, “లెక్కలు రాసిన ఇల్లు అక్కడుంది, లెక్కలోకి ఎక్కిన ఊరు ఇక్కడుంది అనిపిస్తుంది,” అంది.

బీచి ఒడ్డున నడుస్తూ పాత లైట్‌హౌస్ చూశాం, చిన్న గడియార స్తంభం చూశాం, ఇంగ్లీషు వాళ్ళ కాలపు చర్చి చూశాం. పెంకులు జారిన పాత బంగళాల గోడల్లోంచి రావి మొక్కలు మొలిచాయి. డెల్ఫ్ట్‌లో పాత ఇంటి గుమ్మానికి రంగు మార్చాలన్నా అనుమతి కావాలని హరిపాలెం చెబుతూ ఉంటే, ఇక్కడ రావి మొక్కకి ఎవరి అనుమతీ అక్కర్లేదని కొండకర్ల అంది.

అప్పుడు మాట బట్టల మీదికి మళ్ళింది. మళ్ళించింది కొండకర్లే. హరిపాలెం ఈసారి ఆమెకో టీ షర్టు తెచ్చింది, డెల్ఫ్ట్ బజార్లో కొన్నది. కొండకర్ల దాన్ని వేసుకునే వచ్చింది. ఇచ్చిన రోజున ముందువైపు చూడలేదట. తిరగేసి లోపలి కుట్టు చూసింది, అంచు లాగి చూసింది, మెడ దగ్గరి చీటీ చదివింది. ఇండియాలో తయారైందని ఉంది.

“ఇది మా లైనుది కాదులే. కానీ ఈ కుట్టు నాకు తెలుసు. గంటకిన్ని పీసులని లెక్క. ఒక్క దారం వదులైతే చెకింగులో వెనక్కి కొడతారు,” అంది.

మా అచ్యుతాపురం సంగతి తెలియని శ్రోతలకు ఒక మాట చెప్పాలి. శ్రీలంక వారి బ్రాండిక్స్ సంస్థ ఇక్కడ 1,000 ఎకరాల్లో బట్టల నగరం పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేల మంది ఆడవాళ్ళు తెల్లారకముందే బస్సులెక్కి సెజ్‌కి వస్తారు. వాళ్ళు కుట్టినవి సముద్రాలు దాటిపోతాయి. వేసుకునే వాళ్ళని కుట్టిన వాళ్ళు ఎన్నడూ చూడరు.

మూడున్నర శతాబ్దాల కిందటా ఇదే తంతు. డచ్చి గిడ్డంగి నుంచి నమూనా గుడ్డ వచ్చేది. స్థానిక వర్తకుడు సొమ్ము ముందుగా తీసుకుని ఊళ్ళలో సాలెవారికి బయానా ఇచ్చేవాడు. నేసిన తాను గిడ్డంగి చేరాక నమూనా పక్కన పెట్టి చూసేవారు. పోగు పలచబడితే ధర తగ్గించడమో, తాను తిప్పికొట్టడమో. ఇది చెబితే కొండకర్ల, “అయితే అప్పుడూ చెకింగే!” అంది. ఇప్పుడు లంగాలకి వాడే లాంగ్‌క్లాతు లాంటి బారు తానులు, నీలిమందు ముంచిన గుడ్డలు ఓడల నిండా వెళ్ళేవి. కోరమాండల్ తీరంలో పూలద్దిన చీటిగుడ్డ మీద యూరప్ ఆడవాళ్ళకు ఎంత మోజంటే, చిరివేరు అనే మన వేరుతో అద్దిన ఎరుపు ఎన్ని ఉతుకులకీ వెలవదని కథలుగా చెప్పుకునేవారు. తమ నేతగాళ్ళు మునిగిపోతున్నారని ఫ్రాన్సు 1686లో దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసింది. డచ్చి వాళ్ళు మాత్రం తలుపు మూయలేదు. వాళ్ళ దేశంలో హిండెలోపెన్ అనే పాత ఓడల ఊరుంది. అక్కడి ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తుల్లో పొడుగు కోటు ఇప్పటికీ చీటిగుడ్డదే. పండగ పూట బయటికి తీస్తారట. మన గుడ్డ వాళ్ళకి అమ్మమ్మల నాటి ఆనవాయితీ అయిపోయింది.

అలా మాట్లాడుకుంటూ డచ్చి సమాధుల తోటకు చేరాం. హాలండర్స్ గ్రీన్ అంటారు దాన్ని. కోసుగా పైకి లేచిన ఇటుక కట్టడాలు, వాటి మధ్య గడ్డి. కొన్ని రాళ్ళ మీద అక్షరాలు కనిపిస్తాయి, కొన్నిటి మీద వేలితో తడిమితే గాని తెలియవు. సముద్రపు గాలిలో ఉప్పు రాతిని కూడా తింటుంది. హరిపాలెం వంగి చదవడానికి ప్రయత్నించింది. డచ్చి సమాధుల మీద మామూలుగా ‘హీర్’ అనే మాటతో మొదలుపెడతారట. హీర్ అంటే ‘ఇక్కడ’.

ఇక్కడ! ఎక్కడి కాలవల ఊరు, ఎక్కడి గోస్తని ఏటి గట్టు?

ఆ కంపెనీ రెండు వందల ఏళ్ళలో సుమారు 10 లక్షల మందిని ఓడలెక్కించి తూర్పుకు పంపింది. అందరూ డచ్చి వాళ్ళు కారు. కూలి దొరక్క వచ్చిన జర్మనీ పల్లెల కుర్రాళ్ళు, నార్వే, డెన్మార్క్ కళాసీలు ఎందరో ఉన్నారు. జావా చేరడానికే ఎనిమిది నెలలు పట్టేది. ఆ 10 లక్షల్లో తిరిగి ఇల్లు చేరిన వాళ్ళు మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. కొందరు ఇక్కడే స్థిరపడిపోయారు. ఎక్కువ మంది జ్వరాలకీ, సముద్రానికీ పోయారు.

పూడిమడక అంతసేపూ మాట్లాడలేదు. ఆమె అన్నలు వేటకు వెళ్ళేవాళ్ళు. పడవ రావలసిన వేళకు రాకపోతే గట్టు మీద ఆడవాళ్ళు ఎలా నిలబడతారో ఆమెకు తెలుసు. ఒక చిన్న సమాధి పక్కన కూర్చుని, “వీళ్ళ అమ్మలకి ఎప్పుడు తెలిసుంటాదో,” అంది.

ఎనిమిది నెలలకో, ఏడాదికో, అసలెన్నడూ తెలియలేదో.

ఆ మాటకు అందరికీ మనసు బరువెక్కింది. కొండకర్ల మాత్రం తేరుకుని సూటిగా అడిగింది: “పాపం, పాపం అనుకుంటన్నాం సరే. ఈళ్ళు మనోళ్ళకేం సేశారు?”

అడగవలసిన ప్రశ్నే. కరువు వచ్చినప్పుడు కోరమాండల్ తీరంలో జనం పిల్లల్నీ, తమనీ కూడా గింజల కోసం అమ్ముకున్నారు. వాళ్ళని ఆ కంపెనీ బానిసలుగా కొని, బట్టల మూటలతో పాటు ఓడలకెత్తి, జావాలోని బటేవియాకీ సింహళానికీ తోలుకుపోయింది. డచ్చి వాడికి ఇక్కడ కోసుగా ఒక కట్టడమైనా ఉంది. ఓడెక్కించిన మన వాళ్ళకి ఏ తీరాన ఏ రాయి ఉంది? ఎక్కడ వెతికి, ఏ పేరు చదవాలి?

తెలుగులో సెలవు అనేది చిత్రమైన మాట. బడికి ఇచ్చేదీ సెలవే, వెళ్ళొస్తామని అడిగేదీ సెలవే. డబ్బు ఖర్చయిపోతే సెలవైపోయిందనే వాళ్ళు మా నాయనమ్మ తరం. ఆ తోటలో నిలబడితే మూడర్థాలూ ఒక్కసారే తోచాయి. ఇంటికి వెళ్ళడానికి సెలవు దొరకని వాళ్ళు, ఎవరి దగ్గరా సెలవు తీసుకోకుండానే పోయిన వాళ్ళు, వేరెవరి లెక్కల్లోనో సెలవైపోయిన వాళ్ళు. ఓడల కాలంలో రేవు పట్నాలన్నీ ఇలాంటి వాళ్ళ మీదే నడిచాయి. డెల్ఫ్ట్ కాలవ గట్టున ఉన్న భవనం అందానికీ, భీమిలి గడ్డిలో ఉన్న రాతికీ పునాది ఒకటే.

మధ్యాహ్నం గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుకలో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. గోస్తని మన అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర పుట్టిన ఏరు. ఇసుక మేట వేసిన దాని మూతి చూస్తూ హరిపాలెం ఇంజనీరైపోయి, ఏటి పోటు గురించీ ఇసుక నడక గురించీ ఏదో చెప్పబోయింది. కొండకర్ల ఆమె నోట్లో గోంగూర పచ్చడి కలిపిన ముద్ద పెట్టేసింది.

గోంగూర అనగానే గుర్తొచ్చింది. ఈ ఊరు ప్రపంచానికి తెలిసింది గోగు వల్లే. గోగు కాడల నారని వ్యాపారులు ‘బిమ్లీపటం జనుము’ అనేవారు. బిమ్లీపటం అంటే ఇంగ్లీషు నోట్లో పడ్డ భీమునిపట్నం. ఇప్పటికీ మొక్కల పుస్తకాల్లో ఆ పేరుంది. పక్కనే చిట్టివలసలో జనపనార మిల్లు వెలిసింది. నార, నూనెగింజలు, కరక్కాయలు ఈ రేవు నుంచే ఓడలెక్కేవి. అప్పటికి రేవు ఇంగ్లీషు వాళ్ళ చేతిలో ఉంది. 1824లో వాళ్ళతో లండన్‌లో ఒప్పందం రాసుకుని, సుమత్రాలోని బెంకూలెన్ డచ్చి వాళ్ళు తీసుకుని, మన గడ్డ మీది తమ రేవులు ఇంగ్లీషు వాళ్ళకి ఇచ్చేశారు. 1825లో భీమిలి చేతులు మారింది. వస్తు మార్పిడిలో చింతపండు ఇచ్చి ఉప్పు తెచ్చుకున్నట్టు! ఊళ్ళో వాళ్ళని ఎవరూ అడగలేదు. 1861లోనే మునిసిపాలిటీ అయిందంటే ఆ రోజుల్లో ఎంత సందడిగా ఉండేదో ఊహించుకోండి. 1933లో విశాఖలో లోతైన ఓడరేవు తెరిచాక ఓడలన్నీ అటు మళ్ళాయి. భీమిలికి మిగిలింది చేపల పడవలూ, ఆదివారం జనమూ.

రేవులకి కూడా సెలవుంటుంది కాబోలు.

“మన ఊరికీ అంతేనంటావా? రేపు ఈ ఫ్యాక్టరీలు ఇంకో చోటికి పోతే?” అని కొండకర్ల అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బట్ట కొనేవాడు రేవు మారుస్తాడు, అది భీమిలి చెప్పిన పాఠం. కానీ సాలెవాడి చేతిలో నేత పోతే గిడ్డంగి తాళం తీసి లాభం లేదు, అదీ భీమిలి చెప్పిన పాఠమే. “నీ కుట్టు నీ దగ్గరుంటే ఎవడొచ్చినా నిన్ను వెతుక్కునే రావాలి,” అన్నాను. పంతులమ్మ మాటలా ఉందని ఆమె నవ్వింది గాని, టీ షర్టు అంచు మాత్రం ఒకసారి సర్దుకుంది.

పొద్దు వాలక ముందే తిరుగు దారి పట్టాం. విమానాశ్రయంలో హరిపాలెం సూట్‌కేసు తూకానికి మించింది. అక్కడే నేల మీద విప్పి కూర్చున్నాం. చలికోటు తీసి చేతికిచ్చాం. మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, పూడిమడక కట్టిన ఎండు రొయ్యల మూట, గోంగూర పచ్చడి సీసాలు కదలకుండా లోపల ఉన్నాయి. “చలికి వొణికిపోతావే,” అంటే, “గోంగూర ఉంటే చలేం చేస్తుంది,” అంది. పాత ఓడలు బిమ్లీపటం గోగునార మోసుకెళ్ళాయి. మా హరిపాలెం ఆ గోగాకుని పచ్చడి చేసి పట్టుకెళ్ళింది.

మర్నాడు ఎవరి పనిలో వాళ్ళం పడ్డాం. కొండకర్ల తెల్లారకముందే బస్సెక్కింది. పూడిమడక రేవుకి వెళ్ళింది. నేను సెలవుల తరవాత మొదటి గంటలో, పండక్కి ఎవరెవరు ఏ ఊరు వెళ్ళారో పిల్లల చేత చెప్పిస్తున్నాను. ఫోను మోగింది. హరిపాలెం నుంచి ఒక్క మాట: “దిగాను.”

మధ్యాహ్నం పూడిమడక ఫోను చేసింది. “హరిపాలెం ‘దిగాను’ అని ఒక్క మాటే రాసింది,” అన్నాను, ఆమె కోప్పడుతుందేమో అనుకుంటూ.

“ఇంకేటి కావాలే?” అందామె. “ఆ తోటలో పడుకున్నోళ్ళ అమ్మలు ఆ ఒక్క మాట కోసమే సూసుంటారు.”

పండక్కి వచ్చి వెళ్ళిన మీ వాళ్ళు దిగామని చెప్పారో లేదో, ఒకసారి చూసుకోండి. చెప్పకపోతే మీరే అడగండి.

సెలవు.